కొలరాడోలో ఎల్క్ లెక్క: హెలికాప్టర్ గణన నుంచి లైసెన్సు కోటా దాకా

కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద జింక వేటకు దరఖాస్తుల గడువు ఏటా ఏప్రిల్ మొదటి మంగళవారం రాత్రి 8 గంటలకు ముగుస్తుంది. లైసెన్సుల కోసం తీసే డ్రా (లాటరీ) ఫలితాలు వచ్చాక డెన్వర్ చుట్టుపక్కల తెలుగువాళ్లలోనూ అవే ప్రశ్నలు వినిపిస్తాయి. నాకెందుకు రాలేదు? పక్క యూనిట్‌లో (వేట ప్రాంతంలో) లైసెన్సులు సగానికి ఎందుకు కోశారు? అడవిలో ఇన్ని కనిపిస్తుంటే తగ్గాయంటారేమిటి? వీటికి జవాబు అంతకుముందు చలికాలంలో తీసిన లెక్కలో ఉంటుంది. ఆ లెక్క పెద్ద చిక్కేమీ కాదు. కాగితం, పెన్సిల్ ఉంటే ఎవరైనా చేసి చూసుకోవచ్చు. ఒక్క సంగతి మాత్రం ముందే మనసులో పెట్టుకోవాలి. మంద పెరగాలా, తగ్గాలా అన్నది తేలేది ఆడ ఎల్క్‌ల దగ్గరే. పెద్ద కొమ్ముల మగవాటి గురించి జనం ఎంత మాట్లాడుకున్నా, రాష్ట్ర వన్యప్రాణి ఏజెన్సీ అయిన కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ చేతిలో ఉన్న అసలు మీట ఆడ ఎల్క్ లైసెన్సుల సంఖ్యే.

మన నల్లమల కణుజు కుటుంబానికే చెందిన జంతువు ఎల్క్. ఎదిగిన మగది 300 కిలోలు దాటుతుంది, ఆడది సుమారు 225 కిలోలు తూగుతుంది. సెప్టెంబరులో జతకట్టి, మే చివర్లోనో జూన్‌లోనో ఒక్క పిల్లను ఈనుతుంది. ఒక్క పిల్లే కాబట్టి ఆడది పోతే ఆ లోటు త్వరగా పూడదు. 1900 నాటికి మార్కెట్ కోసం సాగిన వేటతో ఈ కొండల్లో ఎల్క్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 1913, 1914లలో ఎల్లోస్టోన్ నుంచి 49 ఎల్క్‌లను ఎస్టెస్ పార్క్ ప్రాంతానికి తెచ్చి వదలాల్సి వచ్చింది. ఇప్పుడు రాష్ట్రంలో దాదాపు 2,80,000 ఉన్నాయి. ఉత్తర అమెరికాలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు.

యూనిట్ వేరు, మంద వేరు

దరఖాస్తులో మీరు రాసేది గేమ్ మేనేజ్‌మెంట్ యూనిట్ నంబరు. ఏజెన్సీ లెక్క కట్టేది మాత్రం యూనిట్‌కు కాదు, మందకు. వేసవిలో ఎత్తు కొండల మీద, చలికాలంలో కింది లోయల్లో తిరిగే ఒక మంద ఏడాది పొడవునా వాడుకునే నేలంతటినీ కలిపి డేటా అనాలిసిస్ యూనిట్ అంటారు. ఎల్క్ మందలకు ఈ-2, ఈ-6 లాంటి పేర్లుంటాయి. ఈ-6 అంటే ఫ్లాట్ టాప్స్ చుట్టూ తిరిగే వైట్ రివర్ మంద, రాష్ట్రంలోకెల్లా పెద్దది. ఒక మంద కింద చాలా యూనిట్లు వస్తాయి. మీ యూనిట్‌లో కోటా ఎందుకు మారిందో తెలియాలంటే ముందు అది ఏ మంద కిందికి వస్తుందో కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వెబ్‌సైట్‌లో చూసి, ఆ మంద నిర్వహణ ప్రణాళిక తెరవండి.

ప్రణాళికలో రెండు లక్ష్యాలు ఉంటాయి. మొదటిది, వేట ముగిశాక మందలో ఎన్ని మిగలాలి అన్నది, ఒక కింది అంకె, ఒక పై అంకెగా. రెండోది, నూరు ఆడవాటికి ఎన్ని మగవి ఉండాలి అన్నది. ఈ రెండూ జీవశాస్త్రం ఒక్కటే తేల్చేవి కావు. మేత ఎంతుంది, రైతుల కంచెలు, గడ్డివాములు ఎంత దెబ్బతింటున్నాయి, వేటగాళ్లు ఏం కోరుతున్నారు, అటవీ శాఖ, భూనిర్వహణ శాఖ ఏమంటున్నాయి అన్నీ కలిపి ముసాయిదా రాస్తారు, ప్రజాభిప్రాయం తీసుకుంటారు, చివరికి ఏజెన్సీ మీద ఉండే కమిషన్ ఆమోదిస్తుంది. సుమారు పదేళ్లకోసారి దీన్ని తిరగరాస్తారు.

లెక్కపెట్టడం

గణన డిసెంబరు, జనవరి నెలల్లో హెలికాప్టర్ మీద జరుగుతుంది. అప్పుడే ఎందుకంటే వేట ముగిసి ఉంటుంది, మంచు ఎల్క్‌లను కిందికి దింపి గుంపులుగా చేర్చి ఉంటుంది, తెల్లటి నేల మీద గోధుమ రంగు ఒళ్లు స్పష్టంగా కనిపిస్తుంది. పైగా మగవాటికి కొమ్ములు ఇంకా ఉంటాయి. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి అవి రాలిపోతాయి, ఇక పైనుంచి ఆడ, మగ తేడా పట్టడం కష్టం.

జనం అనుకున్నట్టు ప్రతి ఎల్క్‌నూ లెక్కపెట్టరు. గుంపుల్ని వర్గాలుగా విడదీస్తారు: ఆడవి, పిల్లలు, శాఖలు లేని ఒంటి కొమ్ముల ఏడాది మగవి, ఎదిగిన మగవి. పెద్ద గుంపు ఎదురైతే ఫొటో తీసి తర్వాత నింపాదిగా లెక్కిస్తారు. ఈ పనిలో ప్రాణాపాయం తక్కువేమీ కాదు. అమెరికాలో విధుల్లో చనిపోయిన వన్యప్రాణి జీవశాస్త్రజ్ఞుల్లో ఎక్కువ మంది విమాన, హెలికాప్టర్ ప్రమాదాల్లో పోయినవారే. ఆ అంకెల్ని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

గణనలో తప్పులు రెండు చోట్ల దూరతాయి. ఎదిగిన మగవి చలికాలంలో ఆడ గుంపులకు దూరంగా, ఎత్తున, చెట్ల మధ్య రెండు మూడుగా ఉంటాయి. బయట మైదానంలోని పెద్ద గుంపుల్ని మాత్రమే చూసి వస్తే మగవాటి నిష్పత్తి అసలు కంటే తక్కువ తేలుతుంది. రెండోది దట్టమైన చెట్లు. వాటి కింద ఉన్నవి పైనుంచి కనిపించవు. ఐడహోలో రేడియో కాలర్లు వేసిన ఎల్క్‌ల మీద పరీక్షించి, గుంపు ఎంత పెద్దది, చెట్ల కప్పు ఎంత ఉంది అన్న దాన్నిబట్టి ఎన్ని తప్పిపోయి ఉంటాయో సవరించే పద్ధతి తయారుచేశారు. అందుకే గణన పత్రంలో గుంపు పరిమాణం పక్కన చెట్ల కప్పు, మంచు కప్పు కూడా రాసుకుంటారు.

మిగిలిన ముక్క బతుకు రేటు. కొన్ని ఆడ ఎల్క్‌లకు, పిల్లలకు జీపీఎస్ కాలర్లు వేస్తారు. కాలర్ చాలాసేపు కదలకపోతే చావు సంకేతం పంపుతుంది. సిబ్బంది వెళ్లి అది వేటా, కొండ సింహమా (ప్యూమా), ఎలుగా, ఆకలా అని చూస్తారు. త్వరగా వెళ్లకపోతే ఎవరు చంపారు, ఎవరు తర్వాత వచ్చి తిన్నారు అన్న తేడా చెరిగిపోతుంది.

కాగితం మీద ఒక మంద

ఇక్కడి నుంచి అంకెలు పట్టుకుందాం. ఇవి పద్ధతి అర్థం కావడానికి తీసుకున్నవి, ఫలానా మందవి కావు. వేట ముగిశాక మందలో 8,000 ఉన్నాయనుకోండి. హెలికాప్టర్ లెక్క ప్రకారం నూరు ఆడవాటికి 20 మగవి, 40 పిల్లలు. మూడూ కలిపితే 160. 8,000ను 160తో భాగించి ఒక్కో భాగం లెక్కగడితే ఆడవి 5,000, మగవి 1,000, పిల్లలు 2,000.

వచ్చే వేట దాకా బతికేవెన్నో చూడాలి. ఎదిగిన ఆడవి నూటికి 95 బతికితే 4,750 మిగులుతాయి. పిల్లలు నూటికి 80 బతికితే 1,600. వాటిలో సగం ఆడవి, అంటే 800 ఇప్పుడు ఆడ మందలో కలుస్తాయి. మొత్తం ఆడవి 5,550. మందను 5,000 ఆడవాటి దగ్గరే నిలపాలంటే 550 తీయాలి.

ఆ 550 అంతా ఇంటికి చేరే మాంసం కాదు. గాయపడి దొరక్కుండా పోయేవి ఉంటాయి. ఇంటికి చేరిన ప్రతి పదికి ఒకటి అలా పోతుందనుకుంటే, చేరాల్సినవి 500, పోయేవి 50. ఆడ ఎల్క్ లైసెన్సు ఉన్నవాళ్లలో నాలుగో వంతు మందికే ఎల్క్ దొరుకుతుందంటే ఇవ్వాల్సిన లైసెన్సులు 2,000. కోటా పుట్టేది ఇలా. ఏజెన్సీ వాడే మోడల్‌లో మెలికలు ఇంకా ఎక్కువ. చాలా ఏళ్ల గణనలు, వేట అంకెలు, కాలర్ల సమాచారం అన్నీ ఒకదానితో ఒకటి సరిపోయేలా సర్దుతుంది. కానీ ఎముకల గూడు ఇదే.

ఇప్పుడు ఒక్కో అంకెను కదిపి చూడండి. పిల్లల నిష్పత్తి 40 నుంచి 25కు పడితే పిల్లలు 1,250, బతికేవి 1,000, వాటిలో ఆడవి 500. మొత్తం ఆడవి 5,250. తీయగలిగేవి 250 మాత్రమే. పై లెక్కే వేస్తే లైసెన్సులు సుమారు 900. మంద పైకి అలాగే కనిపిస్తుంది, కోటా సగానికన్నా కిందికి పడింది. అడవిలో ఇన్ని కనిపిస్తుంటే తగ్గాయంటారేమిటి అన్న ప్రశ్నకు జవాబు ఇదే.

పిల్లల్ని 40 దగ్గరే ఉంచి, ఎదిగిన ఆడవాటి బతుకు రేటును 95 నుంచి 90కి దించండి. ఆడవి 4,500, కొత్తగా కలిసేవి 800, మొత్తం 5,300. తీయగలిగేవి 300. ఐదు శాతం తేడా, అంతే. పిల్లల్లో నూటికి పదిహేను తగ్గినప్పుడు పడిన దెబ్బకు దాదాపు సమానం. ఆడవాటి బతుకు మీద ఏజెన్సీ ఇంత కన్నేసి ఉంచడం ఇందుకే.

నిష్పత్తుల్లో ఒక ఉచ్చు కూడా ఉంది. పిల్లల నిష్పత్తి పెరిగింది అనగానే మంద బాగుందని అనుకోకూడదు. పైన చెప్పిన మందలో పిల్లలు 2,000 అలాగే ఉండి, ఆడవి 5,000 నుంచి 4,450కి పడితే నిష్పత్తి 40 నుంచి 45కు ఎక్కుతుంది. పిల్లలు పెరగలేదు, తల్లులు తగ్గాయి. అందుకే ఒక్క ఏడాది అంకెను నమ్మకుండా మూడేళ్ల సగటు, మొత్తం అంచనా, వేట అంకె మూడూ పక్కపక్కన పెట్టి చదవాలి.

మగవాటి సంగతి వేరు. ఒక్క మగది చాలా ఆడవాటితో జతకట్టగలదు కాబట్టి, నూటికి 20 మగవున్నా మంద పెరుగుదలకు లోటు రాదు. అలాగని ఎదిగిన మగవి మరీ తగ్గిపోతే నష్టమే. ఒరెగాన్‌లోని స్టార్కీ ప్రయోగాత్మక అడవిలో చేసిన పనిలో తేలింది ఇది: ఎదిగిన మగవి జతకట్టినచోట ఆడవి ముందుగా, దాదాపు ఒకే సమయంలో చూలు కడతాయి. ఏడాది మగవాటి మీదే భారం పడితే చూలు ఆలస్యమవుతుంది. ఆలస్యంగా పుట్టిన పిల్ల చిన్న ఒంటితో చలికాలంలోకి వెళుతుంది. కొలరాడోలో చాలా యూనిట్లలో మగ ఎల్క్‌కు ఒక కొమ్ముకు కనీసం నాలుగు శాఖలుండాలి, లేదా నుదుటి శాఖ కనీసం 5 అంగుళాలుండాలి అన్న నియమం ఏడాది మగవాటిని ఇంకో ఏడాది బతకనివ్వడానికే.

వేట కాలాల్ని ఎందుకు ముక్కలు చేస్తారు

సెప్టెంబరు 2 నుంచి 30 దాకా విల్లు. మధ్యలో తొమ్మిది రోజులు మజిల్‌లోడర్, అంటే గొట్టం మూతి నుంచి మందు కూరి పేల్చే తుపాకీ. అక్టోబరు మధ్య నుంచి నవంబరు చివరిదాకా నాలుగు విడతలుగా రైఫిల్. మొదటి విడత ఐదు రోజులు, ఎల్క్ ఒక్కదానికే, లైసెన్సు డ్రాలోనే. రెండు, మూడు విడతలు పొడవైనవి. రైఫిల్ విడతల్లో, చాలా యూనిట్లలో మగ ఎల్క్ లైసెన్సు నేరుగా కొనుక్కునే వీలున్నది వీటికే. నాలుగోది మళ్లీ చిన్నది, పరిమితమైనది. ఈ చట్రాన్ని ఐదేళ్లకోసారి ఖరారు చేస్తారు, ఇప్పుడు నడుస్తున్నది 2025 నుంచి 2029 దాకా ఉంటుంది. ఏ ఏడాదికా ఏడాది మారేది కోటా, అది మేలో కమిషన్ ముందుకు వస్తుంది. మీరు ఏప్రిల్‌లో దరఖాస్తు చేసేటప్పటికి ఆ ఏడాది కోటా ఇంకా తేలి ఉండదన్నమాట.

విడతల మధ్య ఖాళీ రోజులు ఊరికే పెట్టినవి కావు. తుపాకీ మోత, మనుషుల వాసన మొదలైతే ఎల్క్‌లు ప్రభుత్వ అడవి వదిలి, వేటకు అనుమతి లేని ప్రైవేటు పొలాల్లోకి చేరతాయి. ఖాళీ దొరికితే కొన్ని వెనక్కి వస్తాయి. మొత్తం నిర్వహణలో చాలా పెద్ద చిక్కు ఇదే, పరిష్కారం అంత తేలిక కాదు. మంద లక్ష్యం కంటే ఎక్కువే ఉంటుంది, లైసెన్సులూ ఎక్కువే ఇస్తారు, అయినా ప్రభుత్వ భూమిలో వేటగాడికి ఒక్కటీ కనిపించదు, పక్క రాంచ్‌లో వందలు గడ్డివాముల మీద పడి తింటుంటాయి. ఇంకా లైసెన్సులు పెంచితే అడవిలో మిగిలిన కొద్దివాటి మీదే ఒత్తిడి పడి, అవి కూడా కంచె దాటతాయి. అందుకే కొన్ని యూనిట్లలో ప్రైవేటు భూమిలో మాత్రమే చెల్లే ఆడ ఎల్క్ లైసెన్సులు ఇస్తారు. కొన్నిచోట్ల ఇవి ఆగస్టు 15 నుంచే మొదలై జనవరి దాకా సాగుతాయి. ఎల్క్‌కు పొలం సురక్షితం కాదని తెలియాలి, అడవి సురక్షితమనిపించాలి. దీనికి భూస్వామి గేటు తెరవాలి. తెరవకపోతే ఏ కోటా పనిచేయదు. మోంటానా కూడా ఈ సమస్యకే 2016 నుంచి ముందు, వెనక అదనపు వేట కాలాలు పెట్టింది.

వాతావరణం కోటాను రెండు వైపులా తారుమారు చేస్తుంది. ముందే మంచు పడితే ఎల్క్‌లు కిందికి దిగి తేలిగ్గా దొరుకుతాయి. మన ఉదాహరణలో నాలుగో వంతు అనుకున్నది నూటికి 35 అయితే, 500 బదులు 700 ఇంటికి చేరతాయి, గాయాలతో కలిపి 770 పోతాయి. ఎండ కాసి నేల పొడిగా ఉంటే సగం కూడా దొరకవు. ఒక్క ఏడాది తప్పితే మరుసటి ఏడాది సర్దుకోవచ్చు. 2022-23 చలికాలం అలాంటిది కాదు. వాయవ్య కొలరాడోలో మంచు గట్టిగా పేరుకుని ఎల్క్, మ్యూల్ డీర్ (ఒక రకం జింక), ప్రాంగ్‌హార్న్ (జింకలాంటి మరో జంతువు) చాలా చచ్చిపోయాయి, 2023లో ఆ ప్రాంతంలో లైసెన్సులు బాగా కోశారు. తల్లులు పోయిన మందకు తిరిగి నిలదొక్కుకోవడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఆ కోత మీద వచ్చిన విమర్శ చాలావరకు అన్యాయం.

మేత వేసి కాపాడవచ్చు కదా అని అడిగేవాళ్లు వయోమింగ్ వైపు చూడాలి. జాక్సన్ దగ్గర 1912 నుంచి ఎల్క్ ఆశ్రయం ఉంది, రాష్ట్రం నడిపే మేత కేంద్రాలూ ఉన్నాయి. ఒకేచోట వందలు, వేలు గుమిగూడటం వల్ల బ్రూసెల్లోసిస్ అనే, చూలు పోయేలా చేసే అంటుజబ్బు నిలదొక్కుకుంది, పక్కనున్న పశువులకు అదో బెడద. జింక జాతి జంతువుల్ని చిక్కి శల్యం చేసి చంపే మెదడు జబ్బు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ ఇంకా భయంకరం. 1967లో ఫోర్ట్ కాలిన్స్‌లో బంధించి ఉంచిన మ్యూల్ డీర్‌లో మొదట చూశారు. ప్రియాన్ (వంకర తిరిగిన ప్రోటీన్) వల్ల వచ్చే జబ్బు కాబట్టి వండినా చావదు, నేలలో ఏళ్ల తరబడి ఉంటుంది. కొలరాడో ఏటా కొన్ని యూనిట్లలో తలను పరీక్షకు ఇవ్వడం తప్పనిసరి చేస్తుంది. మీ యూనిట్ ఆ జాబితాలో లేకపోయినా ఇవ్వండి, ఫలితం వచ్చేదాకా మాంసం వేరుగా గడ్డకట్టించి ఉంచండి, జబ్బు ఉన్నట్టు తేలితే తినకండి.

దరఖాస్తు చేసేవాళ్లకు

1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ (వేట భద్రత శిక్షణ) కార్డు ఉండాలి, ముందు అది పూర్తిచేయండి. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఫెడరల్ చట్టం వాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని నిషేధిస్తుంది, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు తీరితే మినహాయింపూ పోతుంది. స్నేహితుడి తుపాకీ పట్టుకునే ముందే వలస చట్టం తెలిసిన లాయరుతో మాట్లాడండి.

హంట్ కోడ్ చదవడం ఇలా. ఈ-ఎఫ్-061-ఓ1-ఆర్ అంటే ఎల్క్, ఆడది, యూనిట్ 61, మొదటి విడత, రైఫిల్. ఎఫ్ స్థానంలో ఎం ఉంటే మగది, ఈ ఉంటే ఏదైనా. నాలుగు కోరికలు రాయవచ్చు, ప్రిఫరెన్స్ పాయింట్లు (డ్రాలో ముందు వరస ఇచ్చేవి, ఏటా కూడబెట్టుకునేవి) లెక్కలోకి వచ్చేది మొదటిదానికే, ఖర్చయ్యేదీ అక్కడే. పాయింటు కూడబెట్టాలనుకుంటే మొదటి కోరికగా పాయింటు కోడ్ రాసి, రెండో కోరికగా తేలిగ్గా వచ్చే ఆడ ఎల్క్ కోడ్ రాయండి. పాయింటూ వస్తుంది, వేటా దొరకవచ్చు. డ్రాలో మిగిలిన లైసెన్సులు సెకండరీ డ్రాకు, ఆ తర్వాత ఆగస్టులో మిగులు జాబితాకు వస్తాయి. వాటిలో ఆడ ఎల్క్‌వే ఎక్కువ. కొన్ని ప్రైవేటు భూమికి మాత్రమే చెల్లేవి ఉంటాయి, భూస్వామి మాట తీసుకోకుండా కొంటే డబ్బు పోయినట్టే.

రైఫిల్ కాలంలో నడుముకు పైన కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు, దాంతోపాటు అన్ని వైపుల నుంచీ కనిపించే అదే రంగు టోపీ తప్పనిసరి. కాల్చవచ్చిన సమయం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి అస్తమయం తర్వాత అరగంట దాకా. ఆడదా మగదా తెలిపే భాగం మాంసానికి సహజంగా అంటిపెట్టుకుని ఉండాలి, తినదగ్గ మాంసం వదిలేసి రావడం నేరం.

మీ లైసెన్సు రుసుము వన్యప్రాణి పనులకే వెళుతుంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్లు, తూటాల మీద 11 శాతం పన్ను ఫెడరల్ ప్రభుత్వం వసూలు చేసి రాష్ట్రాలకు పంచుతుంది. సగం రాష్ట్ర విస్తీర్ణాన్ని బట్టి, సగం లైసెన్సు పొందినవాళ్ల సంఖ్యను బట్టి. రాష్ట్రం లైసెన్సు డబ్బును వేరే పనికి మళ్లిస్తే ఆ వాటా ఆగిపోతుంది. హెలికాప్టర్ ఎగరడానికీ, కాలర్లు కొనడానికీ డబ్బు ఇక్కడినుంచే వస్తుంది.

ప్రణాళిక ముసాయిదా ప్రజాభిప్రాయానికి వచ్చినప్పుడు వేటాడనివాళ్లు కూడా రాయవచ్చు. సాధారణంగా మందను తగ్గించడం, ఉన్నంత ఉంచడం, పెంచడం అని మూడు ప్రత్యామ్నాయాలు ఇస్తారు. మూడింటిలో దేనికి ఒప్పుకుంటారో, ఎందుకో రాయండి. నాకు ఎల్క్ కనిపించలేదు అన్న ఒక్క మాట ఏ జీవశాస్త్రజ్ఞుడికీ పనికిరాదు. ఏ యూనిట్, ఏ వారం, ప్రభుత్వ భూమా ప్రైవేటా, మంచు ఉందా, ఆడవాటి పక్కన పిల్లలున్నాయా అని రాస్తే అది పక్కన పెట్టుకునే సమాచారం అవుతుంది.

వేట ముగిశాక సర్వే వస్తుంది. ఐడహోలో నివేదిక ఇవ్వడం తప్పనిసరి, చాలా రాష్ట్రాలు కొందరిని ఎంచుకుని అడుగుతాయి. ఎల్క్ దొరికినవాళ్లు ఉత్సాహంగా జవాబిస్తారు, దొరకనివాళ్లు, అసలు వెళ్లనివాళ్లు పట్టించుకోరు. అప్పుడు నాలుగో వంతు అన్న విజయం రేటు మూడో వంతుగా తేలుతుంది. ఇంటికి చేరాల్సిన 500 ఎల్క్‌లకు 2,000 బదులు 1,500 లైసెన్సులే చాలంటుంది మోడల్, మరుసటి ఏడాది 500 మందికి లైసెన్సు దక్కదు. వెళ్లకపోయినా సర్వే తెరిచి, వెళ్లలేదు అని నొక్కండి.